గాజుతొట్టిలో తేలియాడు మొక్కలు

చేపలను పెంచు గాజుతొట్టి నేడు మన ఇండ్లలోను, పాఠశాలల ప్రయోగశాలలలోను తరచుగా కనిపించు వస్తువే. అందులో నీటిపై నాలుగు పచ్చని మొక్కలు తేలుచుండిన చూచుటకు ముచ్చటగా నుండును. చాలమంది వానిని అందమునకై వేయుదురు. మరికొందరు, మొక్కలున్నచో చేపలకు ప్రాణవాయువు సమృద్ధిగా లభించునను నమ్మకముతో వేయుదురు. ఈ నమ్మకము నీటిలో మునిగి పెరుగు మొక్కల విషయమున సరియైనదే. తేలు మొక్కల విషయమున మాత్రము అది సగము కూడ నిజము కాదు. మితిమీరి పెరిగిన తేలు మొక్కలు చేపలకు ఊపిరాడకుండ చేయగలవు. అట్లని అవి పనికిరానివి కావు. తొట్టిలోని నీటిని శుభ్రపరచుటలో వానికి సాటివచ్చు మొక్కలు తక్కువ. ఈ మేలును, ఆ కీడును ఒకే కారణమునుండి పుట్టుచున్నవి. ఆ కారణమును గ్రహించినచో వాని పోషణ సులభమగును.

గాలికి, నీటికి నడుమ

మొదట మునిగి పెరుగు మొక్క సంగతి చూతము. 1850లో రాబర్ట్ వారింగ్టన్ అను ఆంగ్ల రసాయన శాస్త్రజ్ఞుడు ఒక తొట్టిలో రెండు చిన్న ఎర్రచేపలను, వాలిస్నేరియా అను నీటిమొక్కను ఉంచి పరిశీలించెను. మొక్క ప్రాణవాయువు నిచ్చుచుండెను. చేపలు దానిని పీల్చి బొగ్గుపులుసు వాయువును విడుచుచుండెను. కాని కుళ్ళిన ఆకులు నీటిని చెడగొట్టసాగినవి. అంతట ఆయన కొన్ని నత్తలను కూడ చేర్చెను. అవి ఆ కుళ్ళును తినివేయగా తొట్టి కుదుటపడెను. గాజుతొట్టిలో జీవుల నడుమ సమతౌల్యమును నిలుపవచ్చునను భావమునకు ఈ ప్రయోగము గట్టి పునాది వేసినది. వాలిస్నేరియా నీటిలో పూర్తిగా మునిగి యుండును. కావున అది విడుచు ప్రాణవాయువు నీటిలోనే కరగి చేపలకు అందును.

తేలు మొక్క అట్లు కాదు. దాని ఆకు గాలిలో నుండును. వేరు నీటిలో నుండును. లెమ్నా అను అతి చిన్న తేలు మొక్కను తీసికొందము. పెసరబద్దంత ఆకులతో నీటిపై పచ్చని పొరవలె పరచుకొనునది ఇదియే. నేలపై పెరుగు అనేక మొక్కలకు పత్రరంధ్రములు ఆకు అడుగున హెచ్చుగా నుండగా, లెమ్నాకు అవి ఆకు పైభాగముననే యుండును. అడుగున నీరుండగా అచ్చట రంధ్రములతో పనియేమి? కనుక అది బొగ్గుపులుసు వాయువును గాలినుండియే గ్రహించును. కిరణజన్య సంయోగక్రియలో పుట్టిన ప్రాణవాయువును చాలవరకు గాలిలోనికే విడుచును. వేళ్ళద్వారా కొద్దిగా నీటిలోనికి చేరినను, అది చేపల అవసరమునకు చాలినది కాదు.

ఈ స్థానమువలన మొక్కకు కలుగు లాభము సామాన్యమైనది కాదు. బొగ్గుపులుసు వాయువు గాలిలో వ్యాపించు వేగముతో పోల్చినచో నీటిలో వ్యాపించు వేగము సుమారు పదివేల రెట్లు తక్కువ. అందుచేత మునిగిన మొక్క తన ఆహారమునకు కావలసిన ఆ వాయువుకొరకు ఎప్పుడును కరవుతో నుండును. తేలు మొక్కకు ఆ కరవు లేదు. ఎండకు అడ్డు లేదు. నీటికి కొదువ లేదు. నీటిలో కరగియున్న లవణములు వేళ్ళ చెంతకే వచ్చును. నేలపైని మొక్కవలె గట్టి కాండమును కట్టుకొనవలసిన పనియు లేదు. సంపాదించిన దంతయు కొత్త ఆకులకే వినియోగపడును. తేలు మొక్కలు అంత త్వరగా పెరుగుటకు ఇదియే రహస్యము.

తేలుటకు ఒక్కొక్కటి ఒక్కొక్క ఉపాయమును చేసికొన్నది. గుర్రపుడెక్క ఆకుకాడ బుడ్డివలె ఉబ్బి, లోపల గాలిగదులతో నిండియుండును. మన చెరువులలో కనిపించు అంతరతామర, అనగా పిస్టియా, ఆకులు దూదివలె మెత్తగా నుండి, దట్టమైన నూగుతో నీటిని అంటనీయవు. సాల్వీనియా అను నీటి ఫెర్ను ఆకుపై వెండ్రుకలు చిత్రమైనవి. నాలుగేసి వెండ్రుకలు కొసలయందు కలిసి, గ్రుడ్డు గిలకొట్టు తీగసాధనమువలె కనిపించును. ఆ వెండ్రుకలు మైనపు పూతతో నీటిని తరిమివేయును. కొసలు మాత్రము నీటిని పట్టుకొనును. ఇందువలన ఆకును ముంచినను దానిచుట్టు పలుచని గాలిపొర చెదరక నిలుచును. ఈ వింతను జర్మను శాస్త్రజ్ఞులు 2010లో వివరించిరి. సాల్వీనియాకు నిజమైన వేళ్ళు లేవు. వేళ్ళవలె వ్రేలాడునవి చీలికలు చీలికలైన ఆకులే.

తొట్టికి కలుగు మేలు

చేపలు తమ మొప్పలద్వారా అమ్మోనియాను విసర్జించును. మిగిలిపోయిన మేతయు కుళ్ళి అమ్మోనియానే యిచ్చును. ఇది చేపలకు విషము. తొట్టిలోని రాళ్ళపైన, ఇసుకలోను, వడపోత యంత్రపు స్పాంజిలోను నివసించు సూక్ష్మజీవులలో కొన్ని దీనిని నైట్రైటుగాను, మరికొన్ని ఆ నైట్రైటును నైట్రేటుగాను మార్చును. నైట్రైటు కూడ విషమే. నైట్రేటు అంత ప్రమాదకరము కాదు. కాని అది నీటిలో పేరుకొని పోవుచుండును. దానిని తీసివేయుటకు నీరు మార్చుట ఒక మార్గము. మొక్కలచేత తినిపించుట రెండవది.

తేలు మొక్కలు వేగముగా పెరుగును గనుక నత్రజనిని, భాస్వరమును వేగముగా పీల్చుకొనును. లెమ్నా నైట్రేటు కంటె అమ్మోనియాను ముందుగా కోరుకొనును; ఇది మనకు మరింత మేలు. అదియును గాక, నీటిపై నీడ పడుటచేత గాజుకు పట్టు పాచి తగ్గును. అంతరతామర వేళ్ళ గుబురులో గప్పీ పిల్లలు పెద్దచేపల నోటికి చిక్కక దాగికొనును. గౌరామీ, ఫైటర్ చేపలలో మగవి గ్రుడ్లకొరకు కట్టు నురుగుగూడు ఈ మొక్కల చాటున చెదరక నిలుచును.

అయితే ఇక్కడ ఒక ముఖ్యమైన విషయమును మరువరాదు. మొక్క పీల్చుకొన్న నత్రజని ఎచ్చటికి పోయినది? అది ఆకులలోనే యున్నది. ఆ ఆకు తొట్టిలోనే చచ్చి కుళ్ళినచో నత్రజని మరల నీటిలోనికే వచ్చును. మొక్కను బయటికి తీసినప్పుడే నీరు నిజముగా శుభ్రపడును. పంట కోయని పొలము వంటిది, మొక్కలు తీయని తొట్టి.

మితిమీరిన కీడు

నీటిలోని ప్రాణవాయువు చాలవరకు పైనున్న గాలినుండి నీటి ఉపరితలము ద్వారా కరగి వచ్చునదే. వేడిమి హెచ్చినకొలది నీరు ప్రాణవాయువును తక్కువగా నిలుపుకొనును. 20 సెంటిగ్రేడు డిగ్రీలయొద్ద లీటరు మంచినీటిలో సుమారు 9 మిల్లీగ్రాములు కరగగా, 30 డిగ్రీలయొద్ద సుమారు 7.5 మిల్లీగ్రాములే కరగును. మన వేసవిలో తొట్టినీరు 30 డిగ్రీలు దాటుట సామాన్యమే. అట్టి సమయమున నీటి ఉపరితలమును మొక్కలు పూర్తిగా కప్పినచో, గాలి కరగు ద్వారము చాలవరకు మూసికొని పోవును. రాత్రివేళ మొక్కల వేళ్ళు, సూక్ష్మజీవులు, చేపలు అన్నియు ఉన్న కొద్దిపాటి ప్రాణవాయువునే వాడుకొనును. నీడ పడుటచే అడుగుననున్న మునుగు మొక్కలు కూడ క్షీణించును. తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరచుచున్నచో కారణము తరచుగా ఇదియే.

గౌరామీ, ఫైటర్ చేపలకు మన కొర్రమీనువలెనే గాలిని నేరుగా పీల్చు ప్రత్యేకావయవము కలదు. నీటిలో ప్రాణవాయువు తగ్గినను అవి పైకి వచ్చి గాలిని మ్రింగి బ్రతుకగలవు. కాని పైకి వచ్చుటకు ఖాళీస్థలము ఉండవలెను గదా!

అందుచేత మొదటి నియమము: నీటి ఉపరితలములో సగమునకు మించి మొక్కలను కప్పనీయరాదు. అడుగున వాలిస్నేరియా వంటి మొక్కలున్నచో మూడవవంతుతోనే ఆపుట మంచిది.

రెట్టింపు లెక్క

ఈ నియమమును పాటించుట వినుటకు సులభము. ఆచరణలో మాత్రము పలువురు పొరపడుదురు. కారణము గణితములో నున్నది. తొట్టి పొడవు 60 సెంటీమీటర్లు, వెడల్పు 30 సెంటీమీటర్లు అనుకొందము. ఉపరితలము 1800 చదరపు సెంటీమీటర్లు. ఒక మూల ఏడున్నర సెంటీమీటర్ల చదరమంత లెమ్నా వేసితిమి. అది ఉపరితలములో 32వ వంతు. లెమ్నాకు అన్నియు అనుకూలించినచో మూడు దినములలో రెట్టింపు కాగలదు. ఆరవనాటికి అది 8వ వంతు; తొమ్మిదవనాటికి నాలుగవ వంతు; పండ్రెండవనాటికి సగము. అప్పటికిని సగము నీరు తేటగా కనిపించుచుండును గనుక తొందరలేదని మనము తలంతుము. పదునైదవనాటికి చుక్క ఖాళీ యుండదు. పండ్రెండు దినములలో పరచుకొన్నంత మేర మరల మూడే దినములలో పరచుకొన్నది!

అయితే అన్ని తొట్టులలోను ఇంత వేగముండదు. వెలుతురు, లవణములు, వేడిమి ననుసరించి రెట్టింపు కాలము వారము కావచ్చును, ఇంకను ఎక్కువ కావచ్చును. కావున మీ తొట్టిలో రెట్టింపు కాలము ఎంతయో మీరే కొలువుడు. సగము కప్పిన తరువాత, ఆ రెట్టింపు కాలమున కొకసారి ఉన్నదానిలో సగము తీసివేయుచుండుడు. అనగా నాలుగవ వంతు మిగులును. అది పెరిగి మరల సగమునకు వచ్చునప్పటికి మీరు మరల తీయుదురు. తేలు మొక్కల పోషణలో సగము విద్య ఇదియే. పెంచుట కంటె అదుపులో నుంచుటయే అసలు పని.

పోషణ విధానము

కొత్తగా తెచ్చిన మొక్కను నేరుగా తొట్టిలో వేయరాదు. తెల్లని బేసినులో నీరుపోసి ఒకటి రెండు వారములు వేరుగా నుంచవలెను. వేళ్ళలో దాగిన నత్తగ్రుడ్లు జిగురుముద్దలవలె కనిపించును. తూనీగ పిల్లపురుగులు కూడ రావచ్చును. ఇవి చేపపిల్లలను పట్టి తినును. వానిని ఏరివేసి, వేళ్ళను మంచినీట జాడించవలెను. కొత్తచోట మొదటి వారమున పాత ఆకులు కొన్ని పసుపుబారుట సహజము. నడుమ లేత ఆకులు పచ్చగా వచ్చుచున్నచో భయపడ నక్కరలేదు.

కుళాయినీటిలో క్లోరిను ఉండును. ఒక దినము బక్కెటలో తెరచి ఉంచినచో అది చాలవరకు పోవును. క్లోరమీను కలిపిన నీరైనచో నిలువ యుంచినంతమాత్రమున పోదు. సోడియం థయోసల్ఫేటు వంటి మందుతో క్లోరినును విరిచినను, అందులోని అమ్మోనియా నీటిలో మిగులును. ఉప్పుదనము గల బోరునీటిలో ఈ మొక్కలు బాగుగా పెరుగవు. చేపల జబ్బునకు తొట్టిలో ఉప్పు గాని, రాగి కలిసిన మందు గాని వేయవలసి వచ్చినప్పుడు మొక్కలను ముందుగా వేరొక తొట్టిలోనికి మార్చవలెను.

దీపపు వెలుతురు రోజునకు ఎనిమిది మొదలు పది గంటలు చాలును. దీపమును నీటికి మరీ దగ్గరగా నుంచినచో ఆకులు మాడును. తొట్టికి గాజుమూత ఉన్నచో దానిపై చేరిన ఆవిరి చుక్కలుగా ఆకుల నడుమ పడి, అంతరతామర కుదురు కుళ్ళిపోవును. మూతకు, నీటికి నడుమ కొన్ని అంగుళముల ఎడముంచి, మూతను కొంచెము తెరచి గాలి ఆడనీయవలెను.

తేలు మొక్కలు నిలకడనీటి మొక్కలు. వడపోత యంత్రపు ధార వానిమీద పడినచో ఆకులు తడిసి, మునిగి, కుళ్ళును. ధారను నీటిలోపలికి త్రిప్పవలెను, లేదా గాజుగోడవైపు మరల్చవలెను. దీనికొక చక్కని ఉపాయము కలదు. గాలిపంపునకు వాడు సన్నని గొట్టము ముక్కను తీసికొని రెండు కొనలను కలిపి వలయముగా చేసి నీటిపై వదలుడు. లోపల గాలియుండుటచే అది తేలును. వలయములోపల మొక్కలను తొలగించినచో చేపలకు మేతవేయుటకు, గాలి పీల్చుటకు ఎల్లప్పుడు ఖాళీస్థలము దొరకును.

ఆకులు చెప్పు సంగతులు

మొక్కకు ఏమి లోపించినదో ఆకు రంగు చాలవరకు చెప్పును. ముదురు ఆకులు మొత్తముగా పసుపుబారినచో నత్రజని చాలలేదని తలచవచ్చును. మొక్క తన పాత ఆకులలోని నత్రజనిని తీసి కొత్త ఆకులకు పంపగలదు గనుక లోపము పాతవానిలో ముందుగా కనిపించును. ఇనుము అట్లు కదలజాలదు. అందుచేత ఇనుము చాలనప్పుడు లేత ఆకులే పాలిపోవును. ఈనెలు మాత్రము పచ్చగా నిలుచును. పాత ఆకుల అంచులు పసుపుబారి మాడుట, చిల్లులు పడుట తరచుగా పొటాషియము లోపమునకు గురుతు. చేపలు తగినన్ని యున్న తొట్టిలో నత్రజని లోపము అరుదు. ఇనుము, పొటాషియముల లోపమే సాధారణము. అక్వేరియం మొక్కలకై అమ్ము ద్రవపు ఎరువును చెప్పిన మోతాదులో సగముతో ప్రారంభించుట క్షేమము.

ఇంకొక జాగ్రత్త. మాన్సోనియా అను దోమ యొక్క పిల్లపురుగులు తక్కిన దోమపిల్లలవలె గాలికొరకు నీటిపైకి రావు. అవి తమ శ్వాసనాళమును అంతరతామర, గుర్రపుడెక్క వంటి మొక్కల వేళ్ళలో గ్రుచ్చి అందలి గాలినే పీల్చుకొనును. కేరళలోని చేర్తల ప్రాంతమున బోదకాలు వ్యాధిని వ్యాపింపజేసినవి ఈ దోమలే. అచ్చట ఆ వ్యాధి నివారణకు కుంటలలోని అంతరతామరను తొలగించుట ఒక ముఖ్యోపాయమైనది. కావున చేపలు లేని కుండీలలో ఈ మొక్కలను ఊరక పెంచరాదు.

తీసిన మొక్కలను ఏమి చేయవలెను?

పోషణలో అన్నిటికంటె బరువైన బాధ్యత ఇక్కడ నున్నది. గంపెడు మొక్కలు తీసితిమి. పారవేయ మనసొప్పదు. ఊరిచెరువులో వదలినచో అవియు బ్రతుకును గదా యని తోచును. ఆ దయయే ముప్పు తెచ్చును.

గుర్రపుడెక్క పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాను ప్రాంతము. పూవు అందమును చూచి తోటలకొరకు దానిని దేశదేశములకు కొనిపోయిరి. నేడు హైదరాబాదు చెరువులలోను, కొల్లేటిలోను దానిని ఏరివేయుటకు పడుచున్న పాట్లు మనము చూచుచున్నవే. దాని గింజలు అడుగు బురదలో సంవత్సరముల తరబడి జీవముతో నుండగలవు.

సాల్వీనియా మొలెస్టా కథ మరింత హెచ్చరిక వంటిది. ఇది బ్రెజిలు ఆగ్నేయభాగమునకు చెందినది. 1939లో కొలంబోలోని ఒక వృక్షశాస్త్ర విభాగము ద్వారా ఇది శ్రీలంకలో అడుగుపెట్టినది. పిదప అచ్చటి కాలువలను, వరిపొలములను ఆక్రమించినది. ఆఫ్రికాలో జాంబెజీ నదిపై కట్టిన కరీబా జలాశయమున 1959లో కనిపించి, 1962 నాటికి సుమారు వేయి చదరపు కిలోమీటర్ల మేర, అనగా జలాశయములో అయిదవవంతు, కప్పివేసినది. ఈ మొక్కకు విత్తుల వంటి సిద్ధబీజములు సరిగా ఏర్పడవు. ముక్క తెగినచో ఆ ముక్కయే మొక్క యగును. ఒక్క కణుపు మిగిలినను చాలును. ఆస్ట్రేలియాలోని మూండారా సరస్సులో 1980లో దీని సొంతగడ్డనుండి తెచ్చిన ఒక చిన్న ముక్కుపురుగును వదలిరి. అది మొగ్గలను తిని, ఏడాది కొంచెము మించిన కాలములోనే వేలకొలది టన్నుల కలుపును నాశనము చేసినది. కేరళలోను ఆ పురుగు మేలుచేసినది. అయితే ప్రతి కలుపునకు ఇట్టి పురుగు దొరకునని చెప్పజాలము.

కావున తీసిన మొక్కలను గచ్చుపై పరచి, ఎండలో పూర్తిగా ఎండబెట్టి, ఎరువుగుంటలో వేయవలెను. అందులోని నత్రజని పూలమొక్కలకు మంచి బలము. తొట్టి కడిగిన నీటిని మురుగుకాలువలో పోయరాదు. ఆ కాలువ ఏదో యొక చెరువునకు చేరును. దానిని కుండీమొక్కలకు పోయవలెను. మందు వేయని తొట్టిలోని లెమ్నా ఎర్రచేపలకు ఇష్టమైన మేత. చెరువులో గాని, వాగులో గాని, గుడి కోనేటిలో గాని ఒక్క ఆకునైనను వదలరాదు.

విద్యార్థులకొక ప్రయోగము

మూడు గాజుగ్లాసులు తీసికొని ఒకదానిలో చేపతొట్టి నీరు, రెండవదానిలో నిలువయుంచిన కుళాయినీరు, మూడవదానిలో వాననీరు పోయుడు. ఒక్కొక్కదానిలో పదేసి లెమ్నా ఆకులు వేసి, మూడింటిని ఒకే కిటికీవద్ద, ఎండ నేరుగా తగులనిచోట ఉంచుడు. రెండు దినములకొకసారి ఆకులను లెక్కించి పట్టికలో వ్రాయుడు. రెండువారముల తరువాత గ్రాఫు గీయుడు. చేపతొట్టి నీటిలో గీత వంగి పైకి లేచుటయు, వాననీటిలో మందగించుటయు సాధారణముగా కనిపించును. చేపల విసర్జనమే మొక్కకు ఆహారమను సంగతి ఇందుచే తేటపడును. ప్రయోగము ముగిసిన పిమ్మట ఆ మూడు గ్లాసులలోని ఆకులను వడగట్టి ఎండబెట్టుట కూడ ప్రయోగములో భాగమేనని ఉపాధ్యాయులు పిల్లలకు నేర్పవలెను.